సాగరగర్భమున నొక సాక్షి

మన నర్సీపట్నమునకు సముద్రము దూరమే. అయినను విశాఖపట్టణపు తీరమున మునిగియున్న పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ కథ మన మెఱుగదగినది.

1971 డిసెంబరు 3–4 తేదీల నడిరేయి అందలి 93 మందియు జలసమాధి నొందిరి. రాజపుత్ అను మన యుద్ధనౌక దానిని ముంచినదని మనవారును, ప్రమాదవశమున లోన ప్రేలుడు కలిగినదని వారును చెప్పుదురు. ఈ వివాదమునకు సాక్షి ఆ యోడ యొక్కటే. దాని యినుము నూడదీసినచో సాక్షి నోరు నొక్కినట్లే యగును. మన నౌకాదళము దానిని పైకి దీయక యటనే యుంచినది.

నూఱేండ్లు నీట నున్న యోడలను మొదట నున్నచోటనే కాపాడజూడవలెనని 2001 నాటి యునెస్కో యొడంబడిక చెప్పుచున్నది. ఘాజీకి నూఱేండ్లు నిండుట 2071లో. అంతవఱకు దానికి కాపు మన మర్యాదయే. రావణునకు దహనసంస్కారము చేయుమని విభీషణుని నియోగించిన రాముని కథ విన్నవారము మనము.