రోహిత్ అమ్మ రాధిక: ఒక ఉత్తరం, ఒక సర్టిఫికెట్, పదేళ్లు

ఇవాళ్టి కథ సికింద్రాబాద్ ఎంపీ రాసిన ఒక ఉత్తరంతో మొదలవుతుంది.

2015 ఆగస్టు 17. అప్పటి సికింద్రాబాద్ ఎంపీ, కేంద్ర మంత్రి బండారు దత్తాత్రేయ గారు, మానవ వనరుల మంత్రి స్మృతి ఇరానీకి లెటర్ రాశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అదే మన హెచ్‌సీయూ, కులతత్వ, తీవ్రవాద, దేశ వ్యతిరేక రాజకీయాలకు అడ్డాగా మారిందని దాని సారాంశం. దానికి ముందు ఆ నెల మొదట్లోనే ఒక ఏబీవీపీ నాయకుడికీ, అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్లకీ గొడవైంది. కొట్టారని వాళ్లు, కొట్టలేదని వీళ్లు. ఉత్తరం అందాక ఢిల్లీ నుంచి యూనివర్సిటీకి రిమైండర్ల మీద రిమైండర్లు వచ్చాయి. చివరికి ఐదుగురు రీసెర్చ్ స్కాలర్లను హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. 2016 జనవరి చలిలో వాళ్లు క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర టెంట్ వేసుకుని పడుకున్నారు. ఆ టెంట్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు 'వెలివాడ'.

ఆ ఐదుగురిలో గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల ఒకడు. జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. వయసు 26.

ఇక్కడిదాకా మీలో చాలామందికి తెలుసు. కానీ నేను చెప్పాలనుకున్నది వాళ్లమ్మ గురించి.

రాధిక గారు కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచారు. పుట్టింది మాల కులంలో. చిన్నప్పుడే ఒక వడ్డెర కుటుంబంలోకి వచ్చి అక్కడే పెరిగారు. పెళ్లీ వడ్డెర అబ్బాయితోనే. అది నిలబడలేదు, పిల్లల్ని తీసుకుని ఆమె విడిగా బతికారు.

కొడుకు పోయిన మర్నాడే గట్టి పోలీసు బందోబస్తు మధ్య అంబర్‌పేటలో అంత్యక్రియలు అయిపోయాయి. యూనివర్సిటీ 8 లక్షలు ఇస్తామంది. ఆమె వద్దన్నారు. నెలనెలా అద్దె వెతుక్కునే మనిషికి 8 లక్షలంటే ఎంతో ఒక్కసారి ఆలోచించండి. రెండేళ్ల తర్వాత, 2018లో, జాతీయ ఎస్సీ కమిషన్ చెప్పాక ఆ డబ్బు తీసుకున్నారు. అప్పుడు కొందరు ఎగతాళి చేశారు. నాకైతే అందులో తప్పేమీ కనపడలేదు.

అసలు యుద్ధం ఇంకోచోట జరిగింది. ఈ పాయింట్ జాగ్రత్తగా వినండి. దత్తాత్రేయ గారు, వైస్ చాన్సలర్ అప్పారావు గారు, ఇంకొందరి మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. మేం ఏ తప్పూ చేయలేదని వాళ్లన్నారు. ఆ చట్టం వర్తించాలంటే బాధితుడు ఎస్సీనో, ఎస్టీనో అయ్యుండాలి. అంటే రోహిత్ ఎస్సీ కాదని తేలితే ఆ చట్టం కింద కేసే ఉండదు. దాంతో 'ఎవరి వల్ల చనిపోయాడు' అన్న ప్రశ్న పక్కకిపోయి 'ఏ కులంవాడు' అన్న ప్రశ్న ముందుకొచ్చింది. దర్యాప్తు మొత్తం తల్లి పుట్టుక మీదికి, పెళ్లి మీదికి, ఆమె ఎవరింట్లో పెరిగిందన్నదాని మీదికి తిరిగింది.

దీనిమీద సుప్రీంకోర్టు 2012లోనే రమేశ్‌భాయ్ నాయికా కేసులో క్లారిటీ ఇచ్చింది. కులాంతర వివాహమైతే తండ్రి కులమే బిడ్డ కులమని గుడ్డిగా అనుకోకూడదు, తల్లి దగ్గర పెరిగి ఆ కులంవాళ్లు పడే అవమానాలే పడ్డాడా లేదా చూడాలి అంది. 2016లో గుంటూరు కలెక్టర్ రోహిత్ ఎస్సీయే అని రిపోర్ట్ ఇచ్చారు. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ మాత్రం కాదంది, చావుకి వ్యక్తిగత కారణాలే అంది. 2017లో జిల్లా అధికారులు కూడా మాట మార్చారు. కన్నతల్లి చెప్పిన మాట కంటే ఆఫీసులో ఫైలుకే బరువెక్కువైంది.

ఆమె ఇంట్లో కూర్చోలేదు. 2016 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజు, ముంబై దాదర్‌లో చిన్నకొడుకు రాజాతో కలిసి బౌద్ధం తీసుకున్నారు. ఊరూరా సభలకి తిరిగారు. 2017 జనవరి 17న, మొదటి వర్ధంతికి హెచ్‌సీయూ గేటు దగ్గరికొస్తే పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. కొడుకు చదివిన చోట కొడుకుని తలుచుకుందామని వచ్చిన తల్లిని!

అర్జెంటీనాలో 1977లో సైనిక ప్రభుత్వం మాయం చేసిన పిల్లల కోసం 14 మంది తల్లులు ప్లాసా డి మాయోలో నిలబడ్డారు. గుంపుగా నిలబడకూడదని పోలీసులంటే చుట్టూ నడవడం మొదలుపెట్టారు. మనది సైనిక పాలన కాదు, రెండూ ఒకటేనని నేను అనను. మనకి కోర్టుంది, ఓటుంది. కానీ గేటు దగ్గర తల్లిని ఆపడం అక్కడా జరిగింది, ఇక్కడా జరిగింది.

ఆ కోర్టు దారే రాధిక గారు పట్టారు. 2019 మేలో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి అనే ఆదివాసీ అమ్మాయి, సీనియర్ల కుల వేధింపులు భరించలేక చనిపోయిందని ఆమె కుటుంబం కేసు పెట్టింది. పాయల్ అమ్మ ఆబేదా తడ్వి, రోహిత్ అమ్మ రాధిక, ఇద్దరూ కలిసి అదే ఏడాది సుప్రీంకోర్టుకెళ్లారు. కాలేజీల్లో కుల వివక్ష ఆపడానికి యూజీసీ 2012లో రూల్స్ పెట్టింది, అవి కాగితం మీదే ఉన్నాయి, అమలు చేయించండి అని అడిగారు. తమ పిల్లలు తిరిగి రారని తెలిసీ వేసిన పిటిషన్ అది.

2024 మే మొదట్లో తెలంగాణ పోలీసుల క్లోజర్ రిపోర్ట్ బయటికొచ్చింది. రోహిత్ ఎస్సీ కాదు, ఎవరిమీదా ఆధారాల్లేవు అని. మర్నాడే రాధిక గారు వెళ్లి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిశారు. కేసు మళ్లీ దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించారు. ఈ ఎనిమిదేళ్లలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, ఫైల్లో రాత మాత్రం అదే.

ఇక తల్లుల పిటిషన్ సంగతి. విచారణ సాగగా సాగగా, 2026 జనవరి 13న యూజీసీ కొత్త రూల్స్ తెచ్చింది. దేశమంతా గొడవ. పదహారు రోజులకే, జనవరి 29న సుప్రీంకోర్టు వాటిమీద స్టే ఇచ్చి, అప్పటిదాకా పాత 2012 రూల్సే నడుస్తాయంది. అమలు కావట్లేదని ఆ ఇద్దరు అమ్మలు కోర్టు మెట్లెక్కింది ఆ రూల్స్ గురించే.