ఉప్పు, తిమింగలం, తుపాకీ

తుపాకీ బారెల్ తుడిచే ద్రావకం గురించి తెలుగులో రాయడమేంటి అనుకోకండి. ఇందులో మనలాంటి కోడు కూలీలకి పనికొచ్చే కథ ఒకటుంది.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగ రాని మందు కనిపెట్టాడు. పాత నల్లమందులాగా బారెల్ నిండా మసి పట్టదు కాబట్టి, ఇక శుభ్రం చేయడం సులువే అనుకున్నారంతా. జరిగింది వేరు. శుభ్రంగా తుడిచి, నూనె రాసి పెట్టిన రైఫిళ్ళు కూడా కొన్నాళ్ళకే లోపల తుప్పు పట్టేవి! కాలిన మందు వాయువులు ఉక్కు రంధ్రాల్లోకి దూరి, తర్వాత మెల్లగా బయటికొస్తున్నాయని ఒక సిద్ధాంతం. అందుకని రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ తుడిచేవారు.

అసలు దోషి మందు కాదు, ఉప్పు. తూటా అడుగున మందుని అంటించే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలితే మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పుకి తోబుట్టువు. వానాకాలంలో ఉప్పు డబ్బా ఎలా చెమరుస్తుందో తెలుసు కదా, బారెల్‌లోనూ అదే కథ. నల్లమందు రోజుల్లోనూ ఈ ఉప్పు ఉంది. కాకపోతే బోలెడంత మసిలో కలిసిపోయేది, ఆ మసిని ఎలాగూ నీళ్ళతో కడిగేవారు. అమెరికా గనుల శాఖకి చెందిన విల్బర్ట్ హఫ్ 1920ల మొదట్లో దీన్ని ప్రయోగాలతో తేల్చాడు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. బ్రిటిష్ సైనికులు లీ-ఎన్‌ఫీల్డ్ బారెల్‌లో గరాటు పెట్టి మరిగే నీళ్ళు పోసేది ఇందుకే.

ఇక ద్రావకం సంగతి. ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ వాళ్ళ 18వ నంబర్ క్లీనర్‌లో అసిటోన్, టర్పెంటైన్, ఒకరకం కిరోసిన్, స్పెర్మ్ తిమింగలం నూనె ఉండేవి. జూలియన్ హాచర్ 1947లో తన పుస్తకంలో దీన్ని రాశాడు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే జీవుల జాబితాలో పెట్టాక ఆ నూనెకి కాలం చెల్లింది. 1990ల్లో ఎడ్ హారిస్ అనే ఆయన దాని బదులు కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఎర్ర నూనె వాడాడు. తమాషా ఏంటంటే, ఒకప్పుడు ఆ గేరు నూనెలోనూ తిమింగలం నూనె కలిపేవారు! ఆ రంగు వల్లే దీనికి 'ఎడ్స్ రెడ్' అని పేరొచ్చింది. ఫార్ములాని దాచుకోకుండా అందరికీ చెప్పేశాడు. మన ఓపెన్ సోర్స్ అన్నమాట :)

అయితే హారిస్ స్పష్టంగా చెప్పిన మాట ఒకటుంది: ఈ ద్రావకం మసిని వదిలిస్తుంది గానీ ఉప్పుని కరిగించదు, పాత రకం తూటాలు వాడితే ముందు వేడినీళ్ళతో కడగాల్సిందే. ఫార్ములా నోటినోటా పాకే కొద్దీ ఇలాంటి షరతే జారిపోతుంది. పాళ్ళు గుర్తుంటాయి, కారణం గుర్తుండదు. పాత తూటాలు కాల్చి, ఎర్ర ద్రావకంతో మెరిసేలా తుడిచి బీరువాలో పెట్టినవాడి తుపాకీ తుప్పు పట్టి తీరుతుంది. తప్పు ద్రావకానిది కాదు, షరతుని వదిలేసినవాడిది.

మన దగ్గరా అంతే. ఎవరో రాసిన పరిష్కారాన్ని అతికించేస్తాం, అది ఏ సమస్యకి రాశారో చదవం. తుడవడం వేరు, కడగడం వేరు. మసి కనబడుతుంది, ఉప్పు కనబడదు.