గది ఎవరిది, మాట ఎవరిది: విశ్వవిద్యాలయ ప్రసంగాలు, స్టడీ సర్కిళ్ల చరిత్ర

తెలుగు రాష్ట్రాల్లో స్టడీ సర్కిల్ అనగానే ఇప్పుడు గుర్తొచ్చేది పోటీ పరీక్షల శిక్షణ కేంద్రం. బీసీ స్టడీ సర్కిల్, ఎస్సీ స్టడీ సర్కిల్ పేర్లతో ప్రభుత్వాలే వాటిని నడుపుతున్నాయి. ఆ మాటకు అంతకుముందు నుంచీ ఉన్న అర్థం వేరు. కొందరు విద్యార్థులు, ఒకరిద్దరు అధ్యాపకులు పాఠ్యప్రణాళికతో, మార్కులతో సంబంధం లేకుండా ఒక పుస్తకాన్నో ఒక ప్రశ్ననో పట్టుకుని వారం వారం కలుసుకోవడం. బయటి నుంచి ఒక పండితుడినో ఉద్యమకారుడినో పిలిచి మాట్లాడించి, ఆ తర్వాత నిలదీయడం. దక్షిణాసియాలో దీనికి దాదాపు 200 ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రంతటా రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి. మాట్లాడుకునే గది ఎవరి అధీనంలో ఉంది? ఆ గదిలో మాట్లాడగలిగేది ఎవరు?

మూడు శాస్త్రాలు, ఒక సాయంత్రం

తత్వశాస్త్రం, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి ఒకే డిగ్రీగా బోధించడం 1920లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైంది. మన దేశంలో అశోకా విశ్వవిద్యాలయం వంటి కొన్ని చోట్ల మాత్రమే ఆ కోర్సు ఉంది. తెలుగు ప్రాంతాల డిగ్రీ కళాశాలల్లో దీనికి దగ్గరగా ఉండేది హెచ్‌ఈపీ, అంటే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం. అందులో తత్వశాస్త్రానికి చోటు లేదు. విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ మూడూ వేర్వేరు శాఖలు, తరచుగా వేర్వేరు భవనాలు. న్యాయం అంటే ఏమిటన్నది ఒకచోట, రిజర్వేషన్ల చట్టం మరోచోట, ఆదాయ అసమానతల లెక్క ఇంకోచోట చదువుతారు. మూడింటినీ ఒకే బల్ల మీదకు తెచ్చే పని చాలా క్యాంపస్‌లలో తరగతి గదికి బయట, సాయంత్రం పూట జరిగింది.

ఈ సమావేశాలు స్థూలంగా రెండు రకాలు. ప్రసంగంలో ఒకరు మాట్లాడతారు, తక్కినవారు వింటారు, చివర ప్రశ్నలుంటాయి. పఠన బృందంలో వక్త ఉండడు, పుస్తకం ఉంటుంది. ఆ వారానికి అనుకున్న అధ్యాయాన్ని ఒకరు పరిచయం చేస్తారు, మిగతావారు చదివి వచ్చి వాదిస్తారు. మొదటిదానికి హాలు, అనుమతి, కరపత్రం కావాలి. రెండోదానికి ఓపిక కావాలి.

పఠన బృందంలో నలుగురే మాట్లాడి నలభై మంది మౌనంగా ఉండిపోవడం మామూలే. దీనికి కేంబ్రిడ్జిలో జాన్ మేనార్డ్ కీన్స్ ఒక విరుగుడు కనిపెట్టాడు. 1909లో ఆయన మొదలుపెట్టిన పొలిటికల్ ఎకానమీ క్లబ్ సోమవారం సాయంత్రాల్లో ఆయన గదుల్లోనే జరిగేది. ఒక విద్యార్థి పత్రం చదివేవాడు. మిగతావారు అంకెలు వేసిన చీటీలు తీయాలి. చీటీ వచ్చినవారు ఆ వరుసలో లేచి ఏదో ఒకటి మాట్లాడాలి. కీన్స్ చివరన మాట్లాడేవాడు. పెద్దాయన ముందే తీర్పు చెప్పేస్తే పిల్లలు నోరు విప్పరన్న ఇంగితం ఆ పద్ధతిలో ఉంది.

విద్యార్థి పత్రానికి ఎంత శక్తి ఉంటుందో న్యూయార్క్‌లో ఒక భారతీయుడు చూపించాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదువుతున్న బి.ఆర్. అంబేడ్కర్ 1916 మే 9న అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుకపై పత్రం చదివాడు. కులానికి మూలం కులంలోనే పెళ్లి అనే కట్టుబాటులో ఉందనీ, సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టుబాటును కాపాడే సాధనాలనీ అందులో వాదించాడు. మరుసటి ఏడాది ఆ పత్రం ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చయింది. పత్రం చదివేనాటికి ఆయనకు 25 ఏళ్లు. అర్థశాస్త్ర విద్యార్థి మానవశాస్త్రం గదిలోకి వెళ్లి రాజకీయ ప్రశ్న లేవనెత్తడం, ఒక సెమినార్‌లో చదివిన కాగితం శతాబ్దం తర్వాతా చదవబడడం ఈ సంప్రదాయం సాధించిన పెద్ద విజయాల్లో ఒకటి.

కలకత్తా: హాలు మీద మొదటి తగాదా

ఉపఖండంలో ఈ కథ కలకత్తా హిందూ కళాశాలలో మొదలవుతుంది. అక్కడి యువ అధ్యాపకుడు హెన్రీ లూయీ వివియన్ డెరోజియో చుట్టూ 1828లో అకడమిక్ అసోసియేషన్ ఏర్పడింది. విధి, స్వేచ్ఛ, విగ్రహారాధన, దేవుడి ఉనికి, దేశభక్తి వంటి విషయాలపై అక్కడ వాదనలు జరిగేవి. పిల్లలు చెడిపోతున్నారని కలకత్తా పెద్ద కుటుంబాలు ఆందోళన చెందాయి. 1831 ఏప్రిల్‌లో డెరోజియో ఉద్యోగం పోయింది. అదే ఏడాది డిసెంబరులో 22 ఏళ్ల వయసులో కలరాతో చనిపోయాడు.

ఆయన శిష్యులు 1838లో సాధారణ జ్ఞానార్జన సమాజాన్ని స్థాపించారు. 1843 ఫిబ్రవరిలో హిందూ కళాశాల హాలులో దక్షిణారంజన్ ముఖోపాధ్యాయ్ ఒక పత్రం చదువుతున్నాడు. విషయం ఈస్టిండియా కంపెనీ కోర్టులు, పోలీసు వ్యవస్థ. ప్రిన్సిపాల్ డి.ఎల్. రిచర్డ్‌సన్ మధ్యలో లేచి, కళాశాలను రాజద్రోహానికి అడ్డా కానివ్వనన్నాడు. అధ్యక్షత వహిస్తున్న తారాచంద్ చక్రవర్తి తగ్గలేదు. సభలో మీరు అతిథి మాత్రమే, సభ్యుడి ప్రసంగాన్ని అడ్డుకునే హక్కు మీకు లేదు, మాట వెనక్కి తీసుకోండి అన్నాడు. ఆ తర్వాత సమాజం తన సమావేశాలను కళాశాల బయటికి మార్చుకుంది.

ఇద్దరి వాదనలోనూ ఒక తర్కం ఉంది. హాలు నాది కాబట్టి నియమం నాదని ప్రిన్సిపాల్. సభ మాది కాబట్టి నియమం మాదని విద్యార్థులు. 180 ఏళ్లు గడిచినా ఈ తగువు తీరలేదు.

ఢాకా, వాల్తేరు, హైదరాబాద్

ఢాకా విశ్వవిద్యాలయం 1921లో మొదలైంది. అయిదేళ్లకే అక్కడి ముస్లిం హాలులో కొందరు అధ్యాపకులు, విద్యార్థులు ముస్లిం సాహిత్య సమాజాన్ని ఏర్పాటు చేశారు. పేరులో సాహిత్యం ఉన్నా చర్చల పరిధి పెద్దది. మత సంస్కరణ, స్త్రీల పరదా, వడ్డీ, రైతుల స్థితి అన్నీ అందులోకి వచ్చాయి. నాయకుల్లో ఒకరైన అబుల్ హుసేన్ అర్థశాస్త్రం, వాణిజ్యం బోధించేవాడు. వారి పత్రిక పేరు ‘శిఖ’. బుద్ధి విముక్తి ఉద్యమంగా బెంగాలీ చరిత్రలో నిలిచిన ఈ బృందాన్ని సంప్రదాయవాదులు సహించలేదు. నగర పెద్దల ఒత్తిడికి అబుల్ హుసేన్ తప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడ అడ్డం పడింది ప్రభుత్వం కాదు, సొంత సమాజం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి ఈ సంప్రదాయంలో పెరిగిన మనిషి. కేంబ్రిడ్జి యూనియన్ చర్చా వేదికకు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైనవాడు. తెలుగులో ‘భారత అర్థశాస్త్రము’, ‘కవిత్వతత్త్వ విచారము’ రెండూ రాసినవాడు. ఆయన తర్వాత 1931 నుంచి 1936 దాకా తత్వశాస్త్ర ఆచార్యుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్నాడు. ఆయన హయాంలో వాల్తేరుకు వచ్చిన యువ అధ్యాపకుల్లో హిరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ ఉన్నారు. మొదటివాడు తర్వాత కమ్యూనిస్టు పార్లమెంటేరియన్‌గా పేరు తెచ్చుకున్నాడు, రెండోవాడు కేంద్ర మంత్రి అయ్యాడు.

హైదరాబాద్ దారి వేరు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించింది. అంతకు ఏడాది ముందే అనువాద సంస్థ దారుల్ తర్జుమాను నెలకొల్పి, తత్వశాస్త్రం, చరిత్ర, అర్థశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. దేశభాషలో పెద్ద శాస్త్రాలు చర్చించవచ్చని అది నిరూపించింది. అయితే ఆ భాష సంస్థానంలో అన్నిటికంటే ఎక్కువమంది మాట్లాడే తెలుగు కాదు. నగరంలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్‌బహదూర్ గౌడ్ వంటివారి కామ్రేడ్స్ అసోసియేషన్ విశ్వవిద్యాలయం గోడల బయటే అధ్యయనం సాగించింది.

మెస్‌లో సభ

స్వాతంత్ర్యం తర్వాత ఈ సంప్రదాయానికి ప్రసిద్ధ రూపం ఢిల్లీ జేఎన్‌యూలోని మెస్ సమావేశం. రాత్రి భోజనాల వేళ బల్లల మీద కరపత్రాలు పంచుతారు. భోజనాలయ్యాక అదే మెస్‌లో సభ మొదలవుతుంది. ఆచార్యుడు, పార్టీ నాయకుడు, విదేశీ పండితుడు ఎవరు వచ్చినా చివర ప్రశ్నల వంతు ఉండాల్సిందే. ప్రశ్నలు అర్ధరాత్రి దాటిన సందర్భాలు కోకొల్లలు. ఖరీదైన సభామందిరం అక్కర్లేకపోవడం, హాస్టల్ విద్యార్థులు ఎలాగూ అక్కడే ఉండడం దీని బలం.

1974లో మొదలైన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1993లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఏర్పడింది. గ్రామాల నుంచి తొలితరం చదువుకు వచ్చిన దళిత విద్యార్థులకు ఈ తరహా సంఘాలు రాజకీయ వేదికలుగానే కాదు, తరగతిలో దొరకని పుస్తకాలు చదివే చోటుగానూ పనిచేశాయి.

అనుమతి రాజకీయం

చెప్పకుండా ఆగిపోయిన ప్రసంగాల్లో అతి ప్రసిద్ధమైనది 1936 నాటిది. లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ అధ్యక్షోపన్యాసానికి అంబేడ్కర్‌ను పిలిచింది. ముందుగా పంపిన పాఠంలో కొన్ని భాగాలు మార్చమంది. ఆయన కామా కూడా మార్చనన్నాడు. సభ రద్దయింది. ఆ ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చువేశాడు. అదే ‘కుల నిర్మూలన’.

2014లో ఐఐటీ మద్రాసులో అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ ఏర్పడింది. మరుసటి ఏడాది అంబేడ్కర్ జయంతి సందర్భంగా కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరిని పిలిచి ప్రసంగం ఏర్పాటు చేసింది. సర్కిల్ విద్వేషం రేపుతోందంటూ కేంద్ర మానవ వనరుల శాఖకు పేరులేని ఫిర్యాదు అందింది. శాఖ సంస్థను వివరణ అడిగింది. 2015 మే 22న సర్కిల్ గుర్తింపు రద్దయింది. దేశవ్యాప్తంగా నిరసనలు చెలరేగాక జూన్ 7న గుర్తింపును పునరుద్ధరించారు. గుర్తింపు అంటే ఆచరణలో సంస్థ పేరు వాడుకోవడం, గది బుక్ చేసుకోవడం, నోటీసు అంటించడం. అవి లేకపోతే బృందం ఉన్నా లేనట్టే.

అదే ఏడాది ఏప్రిల్‌లో లాహోర్ యూనివర్సిటీ ఆఫ్ మేనేజ్‌మెంట్ సైన్సెస్‌లో బలూచిస్తాన్‌లో అదృశ్యమైన వారిపై చర్చ జరగాల్సి ఉండగా ప్రభుత్వ ఆదేశాలతో రద్దయింది. కరాచీలో టీ2ఎఫ్ అనే చిన్న వేదిక నడుపుతున్న సబీన్ మహమూద్ ఏప్రిల్ 24న ఆ చర్చను తన దగ్గర జరిపించింది. సభ ముగించుకుని ఇంటికి వెళుతుండగా దుండగులు ఆమెను కాల్చి చంపారు. విశ్వవిద్యాలయం తలుపు మూసినప్పుడు చర్చ ఎక్కడికో ఒకచోటికి వెళుతుంది. అక్కడ దానికి రక్షణ ఉండదు.

2016 ఫిబ్రవరిలో రాజద్రోహం కేసులో జేఎన్‌యూ విద్యార్థి సంఘం అధ్యక్షుడి అరెస్టు తర్వాత, అధ్యాపకులు పరిపాలనా భవనం మెట్ల దగ్గరే జాతీయవాదంపై వరుస ఉపన్యాసాలు నడిపారు. గోపాల్ గురు, రొమిలా థాపర్, ప్రభాత్ పట్నాయక్ వంటివారు మాట్లాడారు. ఆ ఉపన్యాసాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. 2021 జనవరిలో కేంద్రం ఆన్‌లైన్ అంతర్జాతీయ సదస్సులకూ ముందస్తు అనుమతి కావాలని నిబంధన పెట్టింది. సరిహద్దులు, జమ్మూకశ్మీర్, ఈశాన్య రాష్ట్రాలతో పాటు దేశ ‘అంతర్గత విషయాలు’ అనే విశాలమైన మాట అందులో ఉంది. సైన్స్ అకాడమీలు సైతం అభ్యంతరం చెప్పాయి. ఫిబ్రవరిలో దాన్ని ఉపసంహరించారు.

ఈ ఆంక్షలను సమర్థించేవారి వాదన ఉంది. ప్రజాధనంతో నడిచే సంస్థ ఒక రాజకీయ పక్షానికి వేదిక కాకూడదు, గొడవ జరిగితే జవాబుదారీ పాలకవర్గమే అంటారు. శాంతిభద్రతల బాధ్యత నిజమే. అయితే వేళ, స్థలం, భద్రత చూడడం ఒక పని. ప్రసంగంలోని విషయం ఏమిటో, వక్త ఎవరో చూసి అనుమతి ఇవ్వడం వేరే పని. పై ఘటనల్లో తగాదా చాలావరకు రెండోదాని మీదే.

నోరు విప్పగలిగేది ఎవరు?

గది దొరికాక రెండో ప్రశ్న మొదలవుతుంది. భారతదేశ సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చెప్పేది ఒక వర్గం, అనుభవాన్ని, గణాంకాలను అందించేది మరో వర్గం అన్న విభజన ఉందని గోపాల్ గురు 2002లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో రాశాడు. పఠన బృందాల్లో ఇది కళ్లకు కడుతుంది. కార్పొరేట్ స్కూల్లో చదివినవాడు రాల్స్ గురించి మాట్లాడతాడు. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయిని తన ఊరి గురించి చెప్పమంటారు. ఆమె రాల్స్‌ను విమర్శించగలదన్న ఆలోచనే ఎవరికీ రాదు.

భాష ఇందులో సగం కారణం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటి ప్రచురణ సంస్థలు సామాజిక గ్రంథాలను తెలుగులోకి తెచ్చాయి. అంబేడ్కర్ రచనలు తెలుగులో దొరుకుతున్నాయి. అయినా తత్వశాస్త్రం, అర్థశాస్త్ర సిద్ధాంతంలో తెలుగులో చదివి వాదించగలిగిన పుస్తకాలు తక్కువ. ఉన్నవాటిని పట్టుకుని తెలుగులో చర్చ నడిపే బృందాలు విశ్వవిద్యాలయాల్లో ఇంకా తక్కువ.

దీనికి భారీ బడ్జెట్ అక్కర్లేదు. ఇంగ్లిష్ పాఠం ముందు పెట్టుకుని తెలుగులో చర్చించవచ్చు. ఎవరు ముందు మాట్లాడాలో కీన్స్ క్లబ్‌లోలా చీటీలతో తేల్చవచ్చు. ఆచార్యుడు చివర మాట్లాడవచ్చు. ఇవన్నీ విద్యార్థులు, అధ్యాపకులు తమంతట తాము చేసుకోగలిగినవే. వారి చేతిలో లేనిది గది ఒక్కటే. ఆ గదిని విషయం చూడకుండా ఇవ్వడం విశ్వవిద్యాలయం చేయాల్సిన పని.