సొమ్మును, మాటయు: స్థానిక సంస్థలు – ప్రజా గ్రంథాలయములు

బాపట్ల భావనారాయణస్వామి ఆలయమునందును, కృష్ణాతీరమునందలి ఇతర ప్రాచీనాలయములందును గల శాసనములను పరిశీలించినవారికి ఒక విషయము స్పష్టముగా కనబడును. దాత అఖండదీపమునకై గొఱ్ఱెలను దానమిచ్చును. ఎన్ని యిచ్చెనో సంఖ్యతో సహా రాతిపై చెక్కించును. అంతటితో శాసనము ముగియదు. ఆ మందను కాచి, దినదినమును నేయి కొలిచి, దీపము కొండెక్కకుండ చూచు భారము ఎవరిదో వారి పేర్లును ఆ రాతిమీదనే యుండును. సొమ్మిచ్చిన వాడెవడు, దానికి జవాబు చెప్పవలసిన వాడెవడు అను రెండు సంగతులను ఒక్కచోట వ్రాయించుట మన పూర్వుల లెక్కల పద్ధతి. ప్రజల సొమ్ముతో నడచు సంస్థలన్నిటికిని ఈ పద్ధతియే ప్రాణము. గత నూటయేబది సంవత్సరముల మన ప్రాంత చరిత్రను చూచినచో, ఈ రెంటిలో ఒకటి యుండి రెండవది లేనపుడెల్ల చిక్కులు కలిగినట్లు తెలియగలదు.

స్థానిక స్వపరిపాలనమునకు మన దేశమున ఆధునిక రూపమిచ్చినది 1882 నాటి రిప్పను ప్రభువు తీర్మానము. పరిపాలనము చక్కబడుటకంటె ప్రజలకు రాజకీయ శిక్షణము కలుగుటయే దీని ముఖ్యోద్దేశమని ఆయన చెప్పెను. దాని ననుసరించి 1884లో మదరాసు రాజధానియందు స్థానిక బోర్డులకును, పురపాలక సంఘములకును చట్టములు వచ్చినవి. చిన్న పట్టణములు, పెద్ద గ్రామములు యూనియనులైనవి. తెనాలికి 1909లోను, స్వాతంత్ర్యానంతరము బాపట్లకు 1951లోను, రేపల్లెకు 1956లోను పురపాలక సంఘములు ఏర్పడినవి. తొలినాళ్ళలో వోటుహక్కు పన్ను చెల్లించు కొలదిమందికే పరిమితమై యుండెను. అధికారము చాలవరకు కలెక్టరు చేతిలోనే యుండెను. పన్ను మాత్రము అందరి యింటికిని వచ్చెను. సొమ్ము ప్రజలది, మాట దొరలది. ఈ వ్యత్యాసము ఎంత దూరము పోగలదో లోకమునకు చూపినది నాటి బాపట్ల తాలూకాలోని చీరాల-పేరాల.

చీరాల, పేరాల గ్రామములు నేతపనివారికిని, చిన్న రైతులకును నిలయములు. రెండు గ్రామముల జనసంఖ్య సుమారు 15 వేలు. యూనియనుగా నున్నంతకాలము పన్నుల మొత్తము ఏడాదికి సుమారు 4 వేల రూపాయలు. 1919లో ప్రభుత్వము వీనిని కలిపి పురపాలక సంఘముగా మార్చెను. ఆ భారము సుమారు 40 వేలకు చేరునని ప్రజలు లెక్క కట్టుకొనిరి. మగ్గము మీద కూలి పెరుగలేదు, పొలము మీద పంట పెరుగలేదు; పన్ను మాత్రము పదింతలగునట. తమకు ఈ హోదా వద్దని వారు అర్జీలు పెట్టుకొనిరి. అర్జీలకు ఫలము లేకపోయెను.

వారికి నాయకుడై నిలిచినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన 1889లో పెనుగంచిప్రోలున జన్మించినను, పెరిగినది రేపల్లె ప్రాంతపు కూచినపూడిలో. కొంతకాలము బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగము చేసి, పిదప ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొంది వచ్చిన వాడు. కచేరీ కాగితము సంగతియు, కవిత్వపు రుచియు రెండును తెలిసినవాడగుటచే ఆయన మాట నేతగానికిని, పండితునకును ఒక్కతీరున తగిలెడిది. ఆయన రామదండును కూర్చెను. 1921లో ఎన్నికైన సభ్యులు పురపాలక సంఘమునకు రాజీనామా చేయగా, ప్రభుత్వము జీతముపై ఒక అధ్యక్షుని నియమించి పన్నులు వసూలు చేయించెను. పన్ను కట్టమని చెప్పి చెఱసాలకు పోయినవారిలో ఒక స్త్రీయు గలదు.

బెజవాడ కాంగ్రెసు సభానంతరము 1921 ఏప్రిలు 6వ తేదీన మహాత్ముడు చీరాలకు వచ్చెను. అహింసతో పన్నుల నిరాకరణము సాగించుట యొకటి, ఊరు విడిచి పురపాలక సంఘపు హద్దు దాటిపోవుట రెండవది, అని ఆయన రెండు దారులు చూపెను. కాంగ్రెసునుండి ధనసహాయము ఆశింపవలదనియు స్పష్టముగా చెప్పెను. ప్రజలు రెండవ దారి నెన్నుకొనిరి. ఇండ్లు, మగ్గములు, పెరటి చెట్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పాకల పట్టణమును కట్టుకొని, వేలకొలది జనులు ఎండకును వానకును ఓర్చి పదకొండు నెలలు గడపిరి. ఆ పాకలలో వారికి పన్ను వేసిన వారు లేరు. వారి పంచాయతిని వారే నడపుకొనిరి. గోపాలకృష్ణయ్య బరంపురమున ప్రసంగ నిషేధమును ధిక్కరించి ఏడాది శిక్ష పొందుటతోను, చేతిసొమ్ము అడుగంటుటతోను, 1922లో జనులు మరల ఇండ్లకు చేరిరి. పురపాలక సంఘము రద్దు కాలేదు.

చీరాలవారు పన్నుకు భయపడిరని కొందఱందురు. అది సరికాదు. పన్నుకు భయపడిన వాడు ఇల్లు విడిచి పాకలో పదకొండు నెలలుండడు. ఆ కష్టము పన్నుకంటె ఖరీదైనది. వారికి వెగటైనది తమ్మడుగకుండ తమ మీద వేసిన భారము. దీనికి దగ్గరలోనే ఒక తార్కాణము గలదు. 1918లో, అనగా చీరాలకు పురపాలక సంఘము వచ్చుటకు ఒక్క యేడాది ముందు, కొలది మైళ్ళ దూరముననున్న వేటపాలెమున యువకులు సారస్వత నికేతనమను గ్రంథాలయమును స్థాపించిరి. దానికి ఏ చట్టమును లేదు, ఏ అధికారియు ఆజ్ఞ ఇయ్యలేదు. చందాలు, విరాళములు, సొంత కష్టము: ఇదియే మూలధనము. పాత పత్రికలను, గ్రంథములను భద్రపఱచుటలో ఆ గ్రంథాలయము నేటికిని ఆంధ్రదేశమున పేరెన్నికగన్నది. ఒకే తాలూకాలో, ఒకే కాలమున, ఒకచోట ప్రజలు వేయబడిన పన్నును నిరాకరించిరి. వేఱొకచోట వేయబడని పన్నును తమకు తామే వేసికొనిరి. అడిగి పుచ్చుకొన్న రూపాయికిని, అడుగక లాగుకొన్న రూపాయికిని గల భేదమిదియే.

గ్రంథాలయోద్యమ చరిత్ర అంతయు ఈ స్వచ్ఛందపు పన్ను చరిత్రయే. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. మరుసటి యేడు 1914 ఏప్రిలు 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ సమకూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు జన్మమిచ్చెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి మూలపురుషులు. గాడిచెర్ల హరిసర్వోత్తమరావుగారు చిరకాలము దానికి సారథులు. తెనాలి ప్రాంతమునకు ఈ ఉద్యమమున ప్రత్యేకమైన కీర్తి గలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి-కొల్లూరుల నడుమ కాలువలో పడవమీద గ్రంథాలయమును నడపించిరి. పొలము పోవు నీరే పుస్తకమును మోసికొనిపోయెను. రేవున పడవ ఆగినపుడు చదివిన పుస్తకము నిచ్చి క్రొత్తది తీసికొనుట కాలువగట్టు గ్రామములకు అలవాటయ్యెను.

అయితే స్వచ్ఛందమునకు ఒక లోపము గలదు. కళ్ళములో కొలిచిన ధాన్యము, పెండ్లిలో చదివించిన కట్నము, ఇంటింట నెత్తిన పిడికెడు బియ్యము పంట పండిన యేట సమృద్ధిగా వచ్చును, పండని యేట రావు. ఉత్సాహవంతుడైన కార్యదర్శి ఉన్నంతకాలము తలుపు తెఱచియుండును. ఆయన ఊరు విడిచినచో తాళము తుప్పు పట్టును. స్థానిక బోర్డులిచ్చు సహాయము వారి దయను బట్టి యుండెను. కనుకనే ఉద్యమ నాయకులు గ్రంథాలయములకు శాశ్వతమైన రాబడి కావలెనని, దానికి చట్టము కావలెనని కోరిరి.

ఇట్టి చట్టము మొదట ఇంగ్లండులో 1850లో వచ్చెను. పదివేల జనాభా దాటిన పట్టణములు పౌనుకు అర్ధపెన్నీ చొప్పున గ్రంథాలయపు పన్ను వేసికొనవచ్చును. కాని దానికొక షరతు గలదు: పన్ను చెల్లించువారిలో వోటు చేసినవారు మూడింట రెండు వంతులు సమ్మతింపవలెను. రూపాయి, సమ్మతి రెండును ఆ చట్టమున జంటగా నడచినవి.

మన దేశమున, స్వాతంత్ర్యానంతరము, 1948లో మదరాసు ప్రజా గ్రంథాలయముల చట్టము వచ్చెను. ఇంటిపన్ను రూపాయికి 6 పైల చొప్పున, అనగా నాటి లెక్కలో అర్ధణా, గ్రంథాలయ సుంకము వసూలు కావలెననియు, ప్రభుత్వము అంతకు తక్కువ కాని మొత్తమును తానును చేర్పవలెననియు అందు నిర్ణయమయ్యెను. జిల్లాకొక స్థానిక గ్రంథాలయ సంస్థ ఏర్పడెను. ఆంధ్రప్రదేశ్ అవతరణానంతరము 1960లో క్రొత్త చట్టము వచ్చి, జిల్లా గ్రంథాలయ సంస్థలను నెలకొల్పెను. పిదప సుంకము రూపాయికి 8 నయాపైసలైనది. ఇంటిపన్ను 1,000 రూపాయలు కట్టు గృహస్థుడు గ్రంథాలయమునకు 80 రూపాయలు కట్టుచున్నాడన్నమాట. తెనాలి పట్టణవాసియు, రేపల్లె ప్రాంతపు పల్లెవాసియు దీనిని చెల్లించుచునే యున్నారు. అనేకులకు తాము చెల్లించుచున్నట్లు తెలియదు.

ఈ చట్టమువలన కలిగిన మేలు తక్కువది కాదు. ఉద్యోగి నియమింపబడెను, పత్రిక నిత్యము వచ్చెను, వానకు కారని కప్పు లభించెను. అయినను ఒక లోటును గలదు. సుంకమును వసూలు చేయునది పంచాయతీయో పురపాలక సంఘమో. ఖర్చు చేయునది జిల్లా సంస్థ. ఆ సంస్థ అధ్యక్షుని నియమించునది ప్రభుత్వము. పుస్తకము చదువు పాఠకునకు ఈ మూడింటిలో ఎక్కడను కుర్చీ లేదు. వసూలైన సుంకము స్థానిక సంస్థల ఖాతాలలోనే నిలిచిపోయి, గ్రంథాలయమునకు సకాలమున చేరక బకాయిపడుట రాష్ట్రమున పలుచోట్ల వినవచ్చు ఫిర్యాదు. ఒకనాడు సొమ్ములేక మాట మిగిలెను. నేడు సొమ్ము కొంత యుండి, మాట పోయెను.

1992లో చేసిన 73, 74వ రాజ్యాంగ సవరణములు ఈ లోటును తీర్ప యత్నించినవి. 3 లక్షలు, అంతకు మించిన జనాభాగల పురపాలక సంఘములలో వార్డు సంఘములు తప్పక ఉండవలెనని 74వ సవరణము చెప్పుచున్నది. కాని 2011 జనాభా లెక్కల ననుసరించి తెనాలి జనసంఖ్య సుమారు 1,65,000. బాపట్ల సుమారు 71,000. రేపల్లె సుమారు 51,000. కనుక ఈ మూడు పట్టణములును ఆ నిబంధనకు వెలుపలనే యున్నవి. పట్టణపు వీధివారికి కౌన్సిలు సభ్యుడొక్కడే గొంతుక. 2019లో వచ్చిన వార్డు సచివాలయములు ఉద్యోగుల కచేరీలే గాని, పౌరుల సభలు కావు. ఈ విషయమున పల్లెవాసి పట్టణవాసికంటె అదృష్టవంతుడు. వానికి గ్రామసభ గలదు. వోటరు జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తియు దానికి సభ్యుడే. లెక్క అడుగుటకు అక్కడ ఎవరి అనుమతియు అక్కఱలేదు.

లోకమున ఇతరులు ఈ దారిలో ముందునకు పోయిరి. బ్రెజిలు దేశమున పోర్టో అలెగ్రి నగరము 1989 నుండి పేటపేటను సభలు కూర్చి, నగరనిధిలో కొంత భాగము రోడ్డుకా, మురుగుకాలువకా, బడికా అని పౌరులచేతనే నిర్ణయింపజేసెను. మన పొరుగున కేరళ రాష్ట్రము 1996లో ప్రణాళికా నిధులలో మూడింట ఒక వంతుకు మించి స్థానిక సంస్థలకు అప్పగించి, గ్రామసభలలో చర్చింపజేసెను. ఇవి నిర్దోషములని చెప్పరాదు. సభకు వచ్చువారు తగ్గినపుడు అక్కడను పెత్తనము నలుగురి చేతికే పోవును. కాని అడిగి ఖర్చుచేయుట అసాధ్యము కాదని ఇవి నిరూపించినవి.

రజతోత్సవము జరుపుకొను గ్రామ గ్రంథాలయమునకు ఈ చరిత్ర నేర్పు పాఠము చిన్నది, కాని గట్టిది. చందా చిన్నదని ఎవరును చులకన చేయరాదు. చందా కట్టినవాడు సర్వసభ్య సమావేశమున లేచి ప్రశ్నింపగలడు. ఆ హక్కు విలువ చందా విలువకు ఎన్నో రెట్లు. ఏటేట జమాఖర్చులను గోడమీద అతికించు గ్రంథాలయము పదిమంది విశ్వాసమును నిలుపుకొనును. అట్లే గ్రామసభలో ఈ యేడు గ్రంథాలయ సుంకమెంత వసూలైనది, ఎంత జమకట్టబడినది అని ఒక్కరు అడిగినను చాలును. ఆ ప్రశ్న పంచాయతీ దస్తరములోనికి ఎక్కును. 2005 నాటి సమాచార హక్కు చట్టము ఆ ప్రశ్నకు బలము చేకూర్చును. చీరాలవారు ఇల్లు విడిచి అడుగవలసి వచ్చిన ప్రశ్నను నేటివారు కూర్చున్నచోటినుండి అడుగవచ్చును. ఆ సౌకర్యము ఊరక రాలేదు.

నేయి పోసినవారి పేరును, దీపము కాచినవారి పేరును ఒకే రాతిమీద చెక్కిన నేల ఇది. గ్రంథాలయ దీపమునకు గ్రామస్థుడు సుంకరూపమునను, చందారూపమునను నేయి పోయుచునే యున్నాడు. కాచువారెవరో, కాచుచున్నారో లేదో చూచుకొను భారమును అతనిదే. ఆ భారమును మఱువనంతకాలము ఈ దీపము కొండెక్కదు.