మడను నరికిందెవరు?

తుఫాను, ఉప్పెన ఒకటి కావు. కోస్తాలో పుట్టినవాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో గాలి కన్నా ఎక్కువగా మనుషుల్ని చంపింది నీరే. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్లు దాదాపు పదివేల మంది. మా ఇంట్లో చాలా ఏళ్లపాటు పెళ్లిళ్లూ పురుళ్లూ కూడా 'ఉప్పెనకి ముందు', 'ఉప్పెన తర్వాత' అనే లెక్కలోనే ఉండేవి.

ఆ తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, తీరం పొడుగునా సరుగుడు నాటారు. సముద్రమట్టం పెరుగుతోందని తేలాక ఇప్పుడందరి నోటా మడ అడవి మాటే. రాతిగోడ కన్నా చెట్టే మేలంటున్నారు. 2023 కేంద్ర బడ్జెట్లో మడ అడవుల కోసం 'మిష్టీ' అని ఒక పథకమే ప్రకటించారు. సంతోషమే. కానీ ఈ ఉత్సాహంలో ఒక పాత అభియోగం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మడ పోయిందెందుకు అంటే, తీరం ఊళ్లవాళ్లు వంటచెరుకు కోసం నరికేశారు, పశువుల్ని తోలి మేపేశారు అన్నది చాలాకాలం సిద్ధంగా ఉన్న జవాబు. వంటచెరుకు అనగానే ముద్దాయి ఎవరో వేరే చెప్పాలా? నెత్తిన పుల్లలమోపు ఉన్న ఆడమనిషే కదా.

ఈ జవాబు ఎంత తప్పో తమిళనాడులోని పిచ్చావరం చరిత్ర చెబుతుంది. బ్రిటిష్ కాలం నుంచి అటవీశాఖ అక్కడి మడని కూపులుగా విడగొట్టి, వంతులవారీగా ఒక్కో కూపునీ పూర్తిగా నరికించింది. మళ్లీ దానంతటదే మొలుస్తుందన్నది లెక్క. మొలవలేదు. నీడ పోయిన బురద ఎండకి ఎండి, కుంగి, పళ్లెంలా తయారైంది. పోటుకి లోపలికొచ్చిన నీరు పాటుకి బయటికి పోయే దారి లేదు. నిలిచిన నీరు వేసవిలో ఆవిరైపోయి ఉప్పు మిగిలింది. ఉప్పునీళ్లలో బతికే మడ కూడా తట్టుకోలేనంత ఉప్పు! ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్లు 1990లలో ఈ సంగతి బయటపెట్టారు. పెద్ద కాలువ ఒకటి తవ్వి, దానికి చేపముల్లులా ఏటవాలుగా పిల్లకాలువలు తీశారు. పోటు నీరు వచ్చిపోవడం మొదలయ్యాక, నాటిన మొక్కలు నిలబడ్డాయి. అదే పద్ధతిని కోరింగ దగ్గర మట్లపాలెం వంటి గోదావరి డెల్టా ఊళ్లలోనూ, కృష్ణా డెల్టాలోనూ ఊరివాళ్ల కమిటీలతో కలిసి అమలు చేశారు.

ఊళ్లవాళ్లు కొమ్మలు నరకలేదని కాదు. నరికారు. కానీ మోపులుగా పోయిన పుల్లలకీ, సర్కారు పనిప్రణాళిక ప్రకారం కూపులుగా పోయిన అడవికీ పోలికేమిటి? మోపు కళ్లకి కనిపిస్తుంది, ప్రణాళిక ఫైల్లో ఉంటుంది. అంతే తేడా. 1990లలో మన తీరంలో రొయ్యల చెరువులు విస్తరించినప్పుడూ ఇదే తంతు. తీర మండలంలో రొయ్యల పరిశ్రమ కూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో ఆ పరిశ్రమ కోసం వేరే చట్టమే వచ్చింది. పుల్లలేరుకునే ఆవిడ కోసం చట్టాన్ని ఎవరైనా అంత శ్రద్ధగా తిరగరాశారా?

మడ నిజంగా కాపాడుతుందా అన్న ప్రశ్నకి నాకు బాగా నచ్చిన జవాబు ఒడిశా నుంచి వచ్చింది. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుఫానులో కేంద్రపడా జిల్లాలోని ఏ ఊళ్లో ఎందరు పోయారో, ఆ ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఎంత వెడల్పున ఉందో ఆర్థికశాస్త్రవేత్త సౌదామినీ దాస్ లెక్కకట్టారు. జెఫ్రీ విన్సెంట్‌తో కలిసి ఆమె రాసిన వ్యాసం 2009లో వచ్చింది. మడ వెడల్పుగా ఉన్నచోట చావులు తగ్గాయి. అయితే ప్రభుత్వం చేసిన ముందస్తు హెచ్చరిక అంతకన్నా ఎక్కువమందిని బతికించిందని కూడా ఆ వ్యాసమే చెప్పింది. ఈ రెండో మాటని మడ ప్రచారకులు పెద్దగా తలుచుకోరు.

ఇంకో చిక్కుంది. మడ నిలబడేది ఒండ్రు మీద. వేళ్లతో ఒండ్రుని పట్టి నేలని కొంచెం కొంచెంగా ఎత్తు చేసుకుంటుంది. పెరిగే సముద్రంతో పోటీపడేందుకు దానికున్న ముఖ్యమైన ఉపాయం అదే. గోదావరి, కృష్ణల ఒండ్రు ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతుంటే ఇక్కడికి చేరేదెంత? రెండు డెల్టాల అంచులూ కోసుకుపోతున్నాయని ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఉప్పాడలో రాళ్లు పోశారు, ఇసక నింపిన పొడుగాటి జియోట్యూబులు పేర్చారు. సముద్రం వాటినీ చీల్చుకుని ఇళ్లమీదికి వచ్చింది.

కోరింగ చెక్కవంతెన మీద నడుస్తుంటే చెట్ల పేర్లు రాసిన బోర్డులు కనిపిస్తాయి. పీతల బుట్టతో ఎదురొచ్చిన ఒకావిడ బోర్డు వైపు చూడకుండానే నాకు చెట్లు చూపించింది. ఆకు అడుగున తెల్లగా ఉంటే తెల్లమడ. తిల్ల కొమ్మ విరవొద్దు, పాలు కంట్లో పడితే చూపు పోతుంది. పొన్న కాయ చెట్టు మీదే మొలకెత్తి, ములక్కాడలా వేలాడుతుంది.

చేపముల్లు కాలువల గురించి అడిగాను. పిల్లకాలువలు ఇట్టే పూడిపోతాయంది. మళ్లీ తియ్యాలి, మళ్లీ పూడతాయి. అంట్లు తోమినట్టే, అంది నవ్వుతూ. తవ్వడానికి ప్రాజెక్టు వస్తుంది. పూడిక తియ్యడానికి ఏ ప్రాజెక్టూ రాదు. ఈ ఏడు తీశారా అని అడిగితే, ఇంకా ఎవరూ పిలవలేదమ్మా అని బుట్ట సర్దుకుని వెళ్లిపోయింది.