డీఎఫ్, డీయూ: లినక్స్‌లో డిస్కు వాడకం లెక్క

లినక్స్ టెర్మినల్‌లో డిస్కు ఎంత నిండిందో, దేనివల్ల నిండిందో తెలుసుకోవడానికి వాడే ప్రధాన ఆదేశాలు డీఎఫ్, డీయూ. ఒక్కో ఫైల్ సిస్టంలో మొత్తం చోటు, వాడినది, మిగిలినది డీఎఫ్ చూపిస్తుంది. డీయూ ఫోల్డర్ల లోపలికి వెళ్లి, ఏది ఎంత చోటు తీసుకుందో కూడి చెబుతుంది. పల్నాడు మిర్చి రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే, కోల్డ్ స్టోరేజీలో ఖాళీ ఎంతో చెప్పేది డీఎఫ్. ఎవరి టిక్కీలు ఎంతమేర పేర్చి ఉన్నాయో చెప్పేది డీయూ.

చరిత్ర

ఈ రెండు ఆదేశాలూ 1971 నాటి తొలి యునిక్స్‌లోనే ఉన్నాయి. లినక్స్ 1991లో మొదలైంది. అందులో సాధారణంగా వాడుకలో ఉన్నవి గ్నూ కోర్‌యుటిల్స్‌లోని రూపాలు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను రూపొందించింది. మెనూలు తెలుగులోకి వచ్చినా ఆదేశాల పేర్లు మాత్రం పాతవే.

వాడే తీరు

డీఎఫ్ తరువాత ఖాళీ వదిలి హైఫన్, హెచ్ కొడితే లెక్క ఎంబీ, జీబీల్లో వస్తుంది. ఇక్కడ ఒక్కో మెట్టు 1024 రెట్లు. డిస్కు తయారీదారులు 1000 రెట్లుగా లెక్కిస్తారు. 500 జీబీ అని కొన్న డిస్కు సుమారు 465గా కనిపించడానికి కారణం ఇదే. డీయూకు హైఫన్, ఎస్, హెచ్ జోడించి ఫోల్డర్ పేరు ఇస్తే మొత్తం ఒక్క వరుసలో తెలుస్తుంది. చదివే అనుమతి లేని ఫోల్డర్ల లోపలి లెక్క ఆ మొత్తంలో చేరదు.

తెలుగు పాఠ్యం తీసుకునే చోటు

పల్నాడు జిల్లాలోని మండల కేంద్రం క్రోసూరు పేరునే తీసుకుందాం. చదివేటప్పుడు మూడు అక్షరాలు. యూనికోడ్‌లో హల్లులు, వత్తుకు పొల్లు, గుణింతపు గుర్తులు విడివిడిగా నమోదవుతాయి కాబట్టి ఎనిమిది సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మొత్తం 24 బైట్లు. ఆ ఒక్క మాటను ఈఎక్స్‌టీ4 డిస్కులో ఫైలుగా దాస్తే సాధారణంగా 4096 బైట్ల బ్లాకు పూర్తిగా దానికే పోతుంది. డీయూ చూపేది ఈ బ్లాకు లెక్క. హైఫన్, బీ జోడిస్తే అసలు 24 బైట్లు చూపుతుంది. ఇలాంటి 10,000 పేర్లను ఒకే ఫైలులో పెడితే సుమారు 235 కేబీ చాలు. పేరుకొక ఫైలు చేస్తే దాదాపు 39 ఎంబీ కావాలి. ఫైలు పేరుకు గరిష్ఠ హద్దు 255 బైట్లు కాబట్టి, తెలుగు పేరులో 85 సంకేతాలకు మించి పట్టవు.

లెక్కలు కలవనప్పుడు

చెరిపేసిన ఫైలును ఏదైనా ప్రోగ్రామ్ ఇంకా తెరిచి ఉంచితే డీయూకు అది కనిపించదు, డీఎఫ్‌లో మాత్రం ఆ చోటు వాడకంలోనే ఉంటుంది. ఆ ప్రోగ్రామ్‌ను ఆపినప్పుడు చోటు విడుదలవుతుంది. ఈఎక్స్‌టీ4 సాధారణంగా 5 శాతం చోటును రూట్ వాడుకరి కోసం పక్కన పెడుతుంది. అందుకే వాడినదీ మిగిలినదీ కూడినా మొత్తానికి సరిపోదు. ఖాళీ ఉన్నా కొత్త ఫైలు పుట్టకపోతే ఐనోడ్లు అయిపోయి ఉండవచ్చు. ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే వీటి లెక్కను డీఎఫ్‌కు హైఫన్, ఐ జోడించి చూస్తారు. చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకున్న చోట ముందుగా చూడవలసిన లెక్క ఇదే.