జల్లెడలో మిగిలిన ఉత్తరం

"ఆఫీసుకి కొత్త కాపలావాణ్ణి పెట్టానే" అన్నాడు మా అన్నయ్య, 2005లో ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర.

"జీతమెంతేమిటి?" అంది వదిన మజ్జిగ పోస్తూ.

"జీతం లేదు, బత్తెం లేదు. కాస్త కరెంటు తాగుతాడంతే."

తీరా చూద్దును కదా, ఆ కాపలావాడు స్టోరు రూములో దుమ్ము కొట్టుకుపోయిన పాత కంప్యూటరు! దాన్ని తుడిచి, లినక్స్ ఎక్కించి, ఆఫీసు ఈమెయిలుకి వాకిట్లో కూర్చోబెట్టారు. బయటినుంచి వచ్చే ప్రతి ఉత్తరమూ ముందు దాని చేతిలో పడాలి. అది సరేనంటేనే లోపలున్న అసలు మెయిలు సర్వరుకి చేరాలి.

ఇంత హంగామా దేనికని అడక్కండి. అప్పట్లో పొద్దున్నే ఆఫీసు తెరిస్తే పనికొచ్చే ఉత్తరం ఒకటైతే, బట్టతల మందులూ, చవక వాచీలూ, మనం కొనని లాటరీలో మనకి తగిలిన కోట్లూ పది ఉండేవి. అసలువి ఏరుకునేసరికే సగం పూట గడిచిపోయేది.

ఈ బెడద నిన్నా మొన్నటిది కాదు. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి గ్యారీ థర్క్, "మా కొత్త యంత్రాన్ని చూడ్డానికి రండి" అంటూ దాదాపు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపించాడు. అప్పటికింకా మనమెరిగిన ఇంటర్నెట్ లేదు. దాని తల్లివంటి ఆర్పానెట్ ఉండేది. పాపం, చీవాట్లు తిన్నాడనుకోండి. అయినా దారి తెరుచుకుంది. 1994లో అరిజోనాలో లాయర్లయిన భార్యాభర్తలు గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తులు పెట్టిస్తామంటూ ఎన్నెన్నో యూజ్‌నెట్ బృందాల్లో ప్రకటన గుప్పించారు. గ్రీన్‌కార్డు మాట వినగానే మన ఇళ్ళలో ఎంతమంది చెవులు నిక్కబొడుచుకుంటాయో వేరే చెప్పాలా?

ఇక స్పామ్ అన్న పేరు సంగతి. అది 1937లో హోర్మెల్ కంపెనీ అమ్మకానికి పెట్టిన డబ్బా మాంసం పేరు. 1970లో ఇంగ్లండులో మాంటీ పైథాన్ అనే హాస్య బృందం టీవీలో ఒక నాటిక వేసింది. అందులో హోటలుకెళ్ళినావిడ ఏ వంటకం అడిగినా దాంట్లో స్పామే! వద్దు మొర్రో అన్నా వదలరు. అడక్కుండా వచ్చి మీద పడే ఉత్తరాలకి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

తప్పు ఎక్కడుందంటే, పోస్టులో ఉత్తరం వేసేవాడు స్టాంపు అంటించాలి. ఈమెయిల్లో పంపేవాడికి ఖర్చు దాదాపు సున్నా; విసుగూ, కాలమూ అందుకునేవాడివి. పైగా 1982లో జాన్ పోస్టెల్ ఈమెయిలు రవాణాకి నియమాలు రాసేనాటికి ఆ వలలో ఉన్నవాళ్ళు కొద్దిమంది, చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్ళు. తలుపుకి గడియ పెట్టాలన్న ఊహే లేదు. ఊరు పెరిగింది, గడియ మాత్రం లేదు.

అంచేత కాపలా కావలసి వచ్చింది. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ ఇందుకు కలిసొచ్చింది. డబ్బు పెట్టి కొననక్కర్లేదు, పాత యంత్రం మీదా నడుస్తుంది. 2001లో జస్టిన్ మేసన్ స్పామ్‌ అసాసిన్ అనే జల్లెడ తయారుచేశాడు. విషయమంతా పెద్దక్షరాల్లో ఉంటే ఇన్ని మార్కులు, పంపినవాడి పేరు దొంగల జాబితాలో ఉంటే ఇన్ని అని వేసుకుంటూ పోతుంది. మామూలుగా 5 మార్కులు దాటితే అది స్పామ్ కిందే లెక్క. ఈ పరీక్షలో మార్కులొస్తే తప్పినట్టన్నమాట! ఈ పనికి వేరే యంత్రం ఎందుకంటే, జల్లించే బరువు అసలు సర్వరు మీద పడకుండా. కాపలాదారు ఒక పూట మూర్ఛపోయినా ఉత్తరం పోదు. పంపిన సర్వరు కొన్ని రోజులపాటు మళ్ళీ మళ్ళీ తలుపు తడుతుంది.

2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామరు మరో ఉపాయాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1761లో చనిపోయిన థామస్ బేయిస్ అనే ఇంగ్లీషు మతాచార్యుడి లెక్క దానికి ఆధారం. మంచి ఉత్తరాల కుప్ప ఒకటి, చెత్త కుప్ప ఒకటి పెట్టుకుని, ఏ మాట ఎందులో ఎన్నిసార్లు వచ్చిందో యంత్రం చేతే లెక్కపెట్టించడం. అసభ్యపు మాటలు ఎంతగా చెత్తని పట్టిస్తాయో, నిగనిగలాడే ఎర్రరంగు అక్షరాలకి వాడే గుర్తు కూడా అంతగానూ పట్టిస్తుందని తేలింది! నాకు నచ్చినది అది కాదు. మంచి ఉత్తరాల్లో కనిపించిన ప్రతి మాటనీ ఆయన రెండింతలుగా లెక్కేశాడు. చెత్త నాలుగు లోపలికొచ్చినా ఫరవాలేదు, అసలు ఉత్తరం ఒక్కటి కూడా పోకూడదని.

ఆ రెండింతల విలువ మాకు తర్వాత తెలిసొచ్చింది.

అన్నయ్య మొదటి నెల రోజూ ఆ చెత్తబుట్ట తిరగేసి చూసేవాడు. ఒక్క పొరపాటూ కనబడలేదు. నమ్మకం కుదిరింది, చూడ్డం మానేశాడు. కొన్నాళ్ళకి ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని ఆఫీసుకొచ్చింది. భర్త అక్కడే లారీ డ్రైవరు, జబ్బుచేసి పోయాడు. "ఏడు వారాలైందండీ, ఉత్తరం రాయించాను. ఎవరూ పలకలేదు" అంది. ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. బుట్టలో వెతికితే దొరికింది. ఇంటర్నెట్ సెంటర్లో కుర్రాడిచేత ఇంగ్లీషులో కొట్టించింది, విషయం పెద్దక్షరాల్లో. అర్జెంటు, నా భర్త చనిపోయాడు, డబ్బు, బ్యాంకు ఖాతా.

ఆ రోజుల్లో నైజీరియా మోసాలని పేరుపడ్డ ఉత్తరాలు మీరూ చూసే ఉంటారు. వాటిల్లోనూ ఒక వితంతువు, ఒక బ్యాంకు, ఒక అర్జెంటు. దొంగ వితంతువులు వేలకొద్దీ వాడేసిన మాటల్నే నిజమైన వితంతువూ వాడాల్సి వచ్చింది. కష్టానికి వేరే మాటలుండవు కదా! మాటలు లెక్కపెట్టే యంత్రానికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

రావలసిన బకాయి ఆ పూటే చేతిలో పెట్టారు. కానీ ఆ ఏడు వారాలు ఆవిడ ఇల్లెలా గడిచిందో అన్నయ్య అడగలేదు. అడిగే ముఖం లేకపోయిందన్నాడు. "యంత్రం తప్పేమీ లేదే. అది అనుమానించి పక్కన పెట్టింది, పారెయ్యలేదు. చూడాల్సినవాణ్ణి నేను."

ఆనాటినుంచి ప్రతి శనివారం సాయంత్రం బుట్ట తిరగెయ్యకుండా అతను ఆఫీసుకి తాళం వెయ్యలేదు.

ఇప్పుడు చాలా చోట్ల ఆ కాపలా పని పెద్ద కంపెనీలే చేస్తున్నాయి. మన జీమెయిల్లో స్పామ్ బుట్టలో పడ్డది 30 రోజులకి దానంతటదే చెరిగిపోతుంది. బియ్యం జల్లించాక రాళ్ళు పారబోసేముందు మా అమ్మ ఒకసారి వేళ్ళతో కెలికి చూసేది, గింజలేమైనా మిగిలాయేమోనని. ఈ శనివారం మీరూ ఒకసారి కెలికి చూడండి.